భయం వుంది, పరీక్ష లేదు
(మహిళా కార్యకర్తల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో నాకిచ్చిన అంశం 'కాన్సర్ నివారణ, ముందస్తు గుర్తింపు - స్త్రీల నమ్మకాలు, ప్రవర్తన'. పేరు వినగానే మనలో చాలామందికి ఒక జాబితా మనసులో మెదిలి వుంటుంది. ఆరోగ్యశాఖ సమావేశాల్లో, ప్రాజెక్టు నివేదికల్లో ఆ జాబితాని మనం ఎన్నోసార్లు చూశాం. చదువు లేదు, సిగ్గు, మూఢనమ్మకం, నిర్లక్ష్యం. చివర్లో ఒక వాక్యం వుంటుంది: "మన ఆడవాళ్ళు ఎంత చెప్పినా రారండీ." ఇది ఎంత సౌకర్యమైన వాక్యమో ఆలోచించండి. స్త్రీలు రాకపోవటానికి కారణం స్త్రీలే అయినప్పుడు ఇంకెవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు.

నమ్మకాలు లేవని గానీ, వాటివల్ల హాని లేదని గానీ నేను అనబోవటం లేదు. కొన్ని నమ్మకాలు స్త్రీల ప్రాణాలు తీస్తున్నాయి. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ కొత్తగా లక్షా 27 వేల మందికి వచ్చింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. అంటే రోజుకి రెండొందల మందికి పైగా. రొమ్ము కాన్సర్ లక్షా 92 వేల మందికి వచ్చింది, 98 వేల మంది చనిపోయారు. వీటిలో మొదటిది చాలావరకూ నివారించగలిగిన జబ్బు. రెండోది తొందరగా గుర్తిస్తే బతకగలిగిన జబ్బు. కాబట్టి నమ్మకాల గురించి మాట్లాడుకోవాల్సిందే. అయితే ఒక నమ్మకం ఎక్కడ పుట్టింది, దాన్ని ఏ అనుభవం పోషిస్తోంది, దాని వెనక ఎవరి ప్రవర్తన వుంది అని అడక్కుండా దాన్ని మార్చలేం. నా వాదన ఇంతే.

మూడు అంకెలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) నుంచి మూడు అంకెలు చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు దాదాపు 70 శాతం. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దాదాపు 9 శాతం. దేశం మొత్తం మీద ఇది 3 శాతం చిల్లర. మరి 30-49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు? 5 శాతం కూడా లేరు. తెలంగాణలోనూ 5 శాతం లోపే. దేశం మొత్తానికి 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం.

ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఆపరేషన్ కోసం ప్రతి పల్లెలో ప్రతి ఇల్లాలినీ వెతికి పట్టుకుని ఆస్పత్రికి చేర్చగలిగిన వ్యవస్థ మనకుంది. అప్పుడు సిగ్గు అడ్డం రాలేదు, చదువు లేకపోవటం అడ్డం రాలేదు. స్త్రీ శరీరంతో రాజ్యానికి పని వున్నప్పుడు స్త్రీలు 'వచ్చారు'. అదే శరీరాన్ని కాపాడాల్సి వచ్చినప్పుడు మాత్రం వాళ్ళు 'రారు'. ఇది స్త్రీల మనస్తత్వానికి సంబంధించిన తేడా కాదని వేరే చెప్పక్కర్లేదు.

అడ్డపొగ

నివారణతో మొదలుపెడదాం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మిత్రులకు అడ్డపొగ గురించి చెప్పనక్కర్లేదు. చుట్టని వెలిగించి, నిప్పువున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చటం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో ఈ అలవాటు ఎక్కువగా స్త్రీలదే. దీనివల్ల అంగుడికి కాన్సర్ వస్తుంది. మిగిలిన ప్రపంచంలో అరుదుగా కనిపించే జబ్బు ఇది. 1971లో వెలువడిన ఒక అధ్యయనంలో శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా గ్రామస్తుల్ని పరీక్షిస్తే 40 శాతానికి మించి అడ్డపొగ తాగేవాళ్ళే.

బయటివాళ్ళకి ఇది వింత. వింతగా చూసినంతకాలం అర్థం కాదు. అడ్డపొగ తాగే పెద్దవాళ్ళని అడిగితే చెప్పే కారణాలు చాలా మామూలుగా వుంటాయి. అమ్మ తాగేది, నేర్చుకున్నాను. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. చంకలో పిల్లాడి మీద బూడిద రాలదు. పంటినొప్పి తగ్గుతుంది. రెండు చేతులూ పనిలో వుండగా చుట్ట తాగాలంటే ఇదే మార్గం. అంటే ఇది బుద్ధిలేని అలవాటు కాదు, విశ్రాంతి లేని పని చుట్టూ అల్లుకున్న అలవాటు. పంటినొప్పికి డాక్టరు లేని ఊళ్ళో పొగాకే మందు.

అలవాటు మారదా అంటే మారుతుంది. 1970ల చివర్లో ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36 వేలకు పైగా పొగాకు వాడేవాళ్ళతో పని మొదలుపెట్టారు. ఏటేటా ఇళ్ళకు వెళ్ళారు, నోరు పరీక్ష చేశారు, ఒక్కొక్కరితో మాట్లాడారు, సినిమాలు చూపించారు. పొగాకు మానేసినవాళ్ళు పెరిగారు, కాన్సర్‌కి ముందు నోట్లో వచ్చే తెల్లమచ్చలు తగ్గాయి. ఇక్కడ గమనించాల్సింది, మాటతోపాటు పరీక్ష కూడా ఇంటికి వచ్చింది. వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చారు. గోడమీద ఒక నినాదం రాసి వెళ్ళిపోలేదు.

గర్భసంచి గురించి మనకు నేర్పిందెవరు?

ఇప్పుడు పరీక్ష సంగతి. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కి కారణం హెచ్.పి.వి. అనే వైరస్. లైంగిక సంబంధం ద్వారా వస్తుంది. చాలా సాధారణమైనది, ఎక్కువమందిలో ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా వుండిపోయిన కొద్దిమందిలో కాన్సర్‌గా మారటానికి సాధారణంగా పది పదిహేనేళ్ళకు పైనే పడుతుంది. అంటే పట్టుకోవటానికి బోలెడంత సమయం వుంది. పరీక్ష కూడా పెద్దదేమీ కాదు. పలచని వెనిగర్ లాంటి ద్రావణాన్ని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తే, మార్పు వచ్చినచోటు తెల్లగా కనిపిస్తుంది. శిక్షణ పొందిన ఏ.ఎన్.ఎం. చెయ్యగలదు. 2016లోనే కేంద్ర ప్రభుత్వం 30-65 ఏళ్ళ స్త్రీలందరికీ అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చెయ్యాలని మార్గదర్శకాలు ఇచ్చింది.

మరి ఆ పరీక్ష బల్ల మీద పడుకోవటమంటే ఏమిటో మనకు తెలుసు. తలుపు సరిగా పడని గది, మధ్యలో వచ్చిపోయే మనుషులు, "కాళ్ళు చాపు, ఆ మాత్రం తెలీదా, పిల్లల్ని కన్నావుగా" అనే మాటలు. ప్రసవమప్పుడు తిట్లు తిన్న స్త్రీ, జబ్బేమీ లేకుండా మళ్ళీ ఆ బల్ల ఎక్కటానికి ఇష్టపడకపోతే దాన్ని సిగ్గు అంటున్నాం. అవమానం జరుగుతుందని అనుభవంతో తెలిసి తప్పించుకోవటానికి సిగ్గు అన్నది సరైన పేరు కాదు.

ఇంకొకటి. ఇది లైంగిక సంబంధం వల్ల వచ్చే వైరస్ అని సగం చెప్పి వదిలేస్తే ఏమవుతుంది? పరీక్షకు వెళ్ళిన స్త్రీ శీలం మీద అనుమానం వస్తుంది. భర్త ద్వారా రావచ్చని ఎవరూ అనరు. భర్త పోయినవాళ్ళు "నాకెందుకమ్మా ఇంక, ఆ పనే లేదుగా" అంటారు. ఆ వైరస్ ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట వచ్చి వుండొచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మన సమావేశాల్లో కూడా ఒంటరి స్త్రీలనీ, ముట్లుడిగినవాళ్ళనీ ఈ విషయంలో పక్కన పెట్టేస్తుంటాం. ముట్లుడిగాక కనిపించే రక్తం అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సిన లక్షణం.

అయితే మన స్త్రీలకు కాన్సర్ భయం లేదా? బాగా వుంది. మెదక్ లాంటి జిల్లాల్లో, ఇంకా చాలాచోట్ల మహిళా ఆరోగ్య కార్యకర్తలూ పరిశోధకులూ బయటపెట్టిన విషయం మీకు గుర్తుండే వుంటుంది. తెల్లబట్ట అవుతోందనో, నడుంనొప్పి అనో ప్రైవేటు ఆస్పత్రికి వెళితే, స్కానింగ్ తీసి "గర్భసంచి పాడైపోయింది, తీసెయ్యకపోతే కాన్సర్ అవుతుంది" అని చెప్పటం. ముప్ఫై ఏళ్ళు నిండనివాళ్ళకు కూడా గర్భసంచులు తీసేశారు. 'పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది' అన్న భావన పల్లెటూరి మూఢనమ్మకం కాదు. స్త్రీ అంటే పిల్లల్ని కనే యంత్రం అన్న పితృస్వామిక భావజాలాన్ని తెల్లకోటు వేసుకుని శాస్త్రంగా చెప్పినప్పుడు పుట్టిన నమ్మకం. ముట్టు రోజుల్లో కూలి పోతుందన్న బాధ దానికి తోడైంది. తెల్లబట్టలో ఎక్కువ భాగం మామూలు మందులతో తగ్గిపోయే ఇన్ఫెక్షనే, లేదా అసలు జబ్బే కాదు. భయపెట్టి కోత దాకా తీసుకుపోయినవాళ్ళు, మధ్యలో వుండాల్సిన ఆ నిమిషం పరీక్షని మాత్రం దాటేశారు. భయం వుంది, పరీక్ష లేదు. భయాన్ని అమ్ముకోవటానికి మార్కెట్ వుంది, పరీక్షకి లేదు.

నొప్పి లేని గడ్డ

రొమ్ములో గడ్డ దగ్గరికి వద్దాం. తొలిదశలో చాలాసార్లు అది నొప్పి పుట్టదు. నొప్పి లేకపోతే జబ్బు లేదన్న నమ్మకం అందుకే ప్రాణాంతకం. కానీ ఈ నమ్మకాన్ని ఎవరు నేర్పారు? పని చెయ్యలేకపోతేనే జబ్బు అని స్త్రీకి ఇల్లూ పొలమూ నేర్పాయి. జ్వరంలో వంట చేసిన స్త్రీ, నొప్పి కూడా లేని గడ్డ కోసం కూలి మానుకుని, ఛార్జీలు అడిగి తీసుకుని, ఎవరో ఒకర్ని తోడు తీసుకుని పట్నం వెళుతుందా? ఆలస్యంలో ఎక్కువ భాగం ఆమె మనసులో జరగదు. డబ్బు ఎవరి చేతిలో వుంది, పిల్లల్ని ఎవరు చూస్తారు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో ఎవరు నిర్ణయిస్తారు అన్న ప్రశ్నల మధ్య జరుగుతుంది. వెళ్ళాక కూడా "గడ్డే కదా, ఏం కాదు" అని నొప్పి మాత్రలిచ్చి పంపించే చోట్లు తక్కువేం కాదు. ఆ వారాలు ఆమె నిర్లక్ష్యం ఖాతాలోనే పడతాయి.

'కత్తి తగిలితే పాకుతుంది' అన్న నమ్మకం కూడా చూడండి. ఇది తప్పు. ముక్క తీసి పరీక్షించినందువల్ల కాన్సర్ పాకదు. కానీ ఊళ్ళో జనం చూసిందేమిటి? ఫలానా ఆవిడ ఆపరేషన్ చేయించుకుంది, ఆర్నెల్లలో పోయింది. ఇది కళ్ళతో చూసిన నిజం. జబ్బు బాగా ముదిరాక ఆస్పత్రికి చేరింది కాబట్టి పోయిందన్న సంగతి వాళ్ళకు కనిపించలేదు. ఆలస్యం వల్ల చావు, చావు వల్ల నమ్మకం, నమ్మకం వల్ల మళ్ళీ ఆలస్యం. పెద్దవాళ్ళు రాచపుండు అనీ పుట్టకురుపు అనీ గొంతు తగ్గించి చెప్పుకునే ఈ జబ్బు నుంచి బయటపడినవాళ్ళు మన చుట్టూ వున్నారు. కానీ బయటికి చెప్పరు. కూతురి పెళ్ళి ఆగిపోతుందని భయం, భర్త వదిలేస్తాడని భయం. బతికినవాళ్ళు మౌనంగా వుండిపోతారు, చనిపోయినవాళ్ళు మాత్రమే ఉదాహరణగా మిగులుతారు. ఈ వలయాన్ని తెంచాల్సింది ఇక్కడే.

ఖమ్మం మరిచిపోకూడదు

నమ్మకం అన్న మాటకి మనకు రెండర్థాలున్నాయి. ఒకటి మనసులో వున్న భావన. రెండోది ఎదుటివాళ్ళ మీద పెట్టుకునేది. ఈ రెండోదాని గురించి మాట్లాడాలంటే ఖమ్మం గురించి మాట్లాడాలి.

2009 జులైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, 'పాత్' అనే అమెరికన్ సంస్థ ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి 10-14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేసే ప్రాజెక్టు మొదలుపెట్టింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మందికి వేశారు. వాళ్ళలో ఎంతోమంది హాస్టళ్ళలో వుండే ఆదివాసీ, దళిత పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాగే జరిగింది. 2010 మార్చిలో 'సమ' మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వెళ్ళి నిజనిర్ధారణ చేసింది. మహిళా సంఘాల ఒత్తిడితో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదవండి. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు.

ఇప్పుడు టీకా గురించిన నిజం కూడా అంతే స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ టీకా పనిచేస్తుంది. ఇంగ్లండ్‌లో 12-13 ఏళ్ళకే టీకా ఇచ్చిన తరంలో ముఖద్వార కాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది. మన దేశంలో తయారైన టీకాకి కూడా 2022లో అనుమతి వచ్చింది. ఖమ్మంలో మనం నిలదీసింది టీకాలోని శాస్త్రాన్ని కాదు. పిల్లల శరీరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాడుకున్న తీరుని. రేపు భద్రాచలంలో ఒక తల్లి తన కూతురికి ఆ టీకా వద్దంటే ఆమెను మూఢురాలు అనే ముందు, ఆ 2,763 సంతకాల మాట గుర్తు చేసుకోవాలి. ఆమె జ్ఞాపకం తప్పు కాదు. ఆ నష్టం మాత్రం ఆమె కూతురు భరించాలి. ఇదే అన్నిటికన్నా పెద్ద అన్యాయం.

చైతన్యం ఒక్కటే చాలదు

మన సంస్థలకు ఇష్టమైన మాట 'చైతన్యం కలిగించటం'. దీని గురించి కొంచెం కఠినంగా మాట్లాడతాను. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి 1998లో మురికివాడల్లో 35-64 ఏళ్ళ స్త్రీలు దాదాపు లక్షన్నర మందితో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సగం మందికి కాన్సర్ గురించి చెప్పటంతోపాటు రెండేళ్ళకోసారి వెనిగర్ పరీక్ష, రొమ్ము పరీక్ష చేశారు. మిగిలిన సగం మందికి చెప్పటం మాత్రమే. పరీక్షలు చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు, మామూలు చదువున్న స్త్రీలు. ముఖద్వార కాన్సర్ పరీక్షకి 89 శాతం మంది వచ్చారు! 'రారండీ' అన్నది ఈ స్త్రీల గురించే కదా. పన్నెండేళ్ళ తర్వాత చూస్తే పరీక్షలు జరిగిన వైపు ఆ కాన్సర్ మరణాలు 31 శాతం తక్కువ. రొమ్ము పరీక్ష వల్ల కూడా జబ్బు తొందరగా బయటపడింది. యాభై దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రచురించారు.

అంటే రెండో వైపు స్త్రీలకు జ్ఞానం దక్కింది, పరీక్ష దక్కలేదు. ముంబయి, ఉస్మానాబాద్, దిండిగల్ అధ్యయనాల్లో కలిపి పరీక్ష చెయ్యని సమూహాల్లో 254 మంది ముఖద్వార కాన్సర్‌తో చనిపోయారు. పరీక్ష పనిచేస్తుందని ప్రపంచానికి అప్పటికే తెలిసివుండగా పేద స్త్రీలను అలా వదిలెయ్యవచ్చా అన్న నైతిక ప్రశ్న పెద్ద చర్చ అయింది. ఆ చర్చని మనం వదలకూడదు. ఆ స్త్రీల చావు నేర్పిన పాఠాన్నీ వదలకూడదు. పరీక్ష అందుబాటులో లేనిచోట చైతన్యం మాత్రమే పంచితే మనం పంచేది భయం. ఆ భయం ఎక్కడికి తీసుకుపోతుందో గర్భసంచి ఆపరేషన్లలో చూశాం.

మనం చెయ్యగలిగినవి

మొదటిది, మన సంఘం పనిచేసే మండలంలో ఏ ఆరోగ్య ఉపకేంద్రంలో ముఖద్వార పరీక్ష నిజంగా జరుగుతోందో కనుక్కోవాలి. శిక్షణ పొందిన ఏ.ఎన్.ఎం. వుందా, పరికరాలున్నాయా, తలుపు గడియ పడుతుందా, తేడా కనిపిస్తే ఎక్కడికి పంపుతున్నారు, పంపినవాళ్ళు చేరుతున్నారా? ఈ సమాచారం లేకుండా ఒక్క ప్రచార సమావేశం కూడా పెట్టొద్దు. లేదంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి.

రెండోది, స్త్రీలను ఒంటరిగా పంపొద్దు. గుంపుగా తీసుకువెళ్ళండి. కూలి పోని రోజు చూసుకోండి. పరీక్ష గదిలో తెలిసిన స్త్రీ ఒకరు చెయ్యి పట్టుకుని వుండే హక్కు కోసం పట్టుబట్టండి. స్త్రీలు తామే నమూనా తీసుకునే హెచ్.పి.వి. పరీక్షని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే ఆమోదించింది. ఉస్మానాబాద్‌లో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసినా మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లోనే తేలింది. ఆ పరీక్ష ఉచితంగా కావాలని అడగటం మన ఎజెండాలో వుండాలి.

మూడోది, గర్భసంచి తియ్యాలని ఎవరు చెప్పినా "ముఖద్వార పరీక్ష చేశారా? కాగితం ఏది?" అని అడగటం ప్రతి స్వయం సహాయక బృందంలో నేర్పాలి.

నాలుగోది, టీకా అయినా పరీక్ష అయినా అంగీకారం తెలుగులో, వాళ్ళ మాటల్లో, ఆదివాసీ ప్రాంతాల్లో వాళ్ళ భాషలో జరగాలి. వద్దనే హక్కు వుందని చెప్పటం అందులో భాగం. వద్దనగలిగిన మనిషి అవునన్నప్పుడే ఆ అవునుకి విలువ.

అయిదోది, జబ్బు నుంచి బయటపడిన స్త్రీలు మాట్లాడటానికి మన వేదికలు ఇవ్వాలి. వాళ్ళ ఇష్టం మీద, వాళ్ళ పేరుతోనో పేరు లేకుండానో. 'ఆపరేషన్ చేయించుకుంది, పోయింది' అన్న మాటకి డాక్టరు ఉపన్యాసం సమాధానం కాలేదు. 'ఆపరేషన్ చేయించుకున్నాను, ఇదుగో పదేళ్ళయింది' అన్న మనిషే సమాధానం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక లక్ష్యం పెట్టింది. 2030 నాటికి 70 శాతం మంది స్త్రీలకు 35 ఏళ్ళ లోపు ఒకసారి, 45 లోపు ఇంకోసారి పరీక్ష జరగాలి. 2019-21 సర్వేలో మనం 5 శాతం కూడా దాటలేదు. మధ్యాహ్నం బృంద చర్చల్లో మీరు ఒక్కొక్కరూ మీ మండలం గురించి మాట్లాడతారు. అక్కడ 'స్త్రీలు ఎందుకు రావటం లేదు' అన్న ప్రశ్నని పక్కన పెట్టి, 'వస్తే అక్కడ ఏముంది' అన్న ప్రశ్నతో మొదలుపెట్టమని కోరుతూ ముగిస్తున్నాను.